నలభై ఏడో నంబరు: ఖాళీ

మా ఆఫీసులో అబద్ధం చెప్పేవాళ్ళు తక్కువ, రాసేవాళ్ళు ఎక్కువ. నేను పదకొండేళ్ళపాటు ఏడాదికొక అబద్ధం రాశాను. ప్రతిసారీ ఒకే గడిలో, ఒకే మాట. పైగా అదేదో పుణ్యకార్యం అనుకున్నాను. అలా అనుకోవడం నాకు నేర్పినవాడు వేరే ఉన్నాడు గానీ, రాసిన చెయ్యి నాది.

నేను ప్రభుత్వ భూముల శాఖలో తనిఖీదారుని. ప్రభుత్వానికి చెందిన ప్రతి స్థలానికీ ఒక నంబరుంటుంది, ఆ నంబరుకి రిజిస్టరులో కొన్ని పేజీలుంటాయి. తనిఖీదారు ఏడాదికోసారి వెళ్ళి, హద్దురాళ్ళు చూసి, నాలుగు మూలలా నడిచి, వచ్చి వివరాలు నింపాలి. విస్తీర్ణం, చెట్లు, కట్టడాలు, ఇలా. చివరి గడి పేరు ‘అనుభవంలో ఎవరున్నారు’. ఎవరైనా ఉంటే వాళ్ళ పేర్లు రాయాలి. లేకపోతే ‘ఖాళీ’ అని రాయాలి.

నాకు ముందు ఈ సీట్లో ఉన్నాయన్ని అందరూ ‘అరగని చెప్పులాయన’ అనేవారు. ముప్పై ఏళ్ళు తనిఖీ చేసి ఒక్క జత చెప్పులు కూడా అరగదీయలేదని. రోడ్డుమీద జీపు ఆపించి, కూర్చున్నచోటి నుంచే స్థలాన్ని ఒకసారి చూసి, మోకాలిమీద రిజిస్టరు పెట్టుకుని రాసేసేవాడు. బద్ధకస్తుడే, కాదనను. కానీ ఆయన బద్ధకం వెనక ఒక సిద్ధాంతం కూడా ఉండేది. నేను చేరిన మొదటిరోజే దాన్ని నాకు అప్పజెప్పాడు.

“ఒరే అబ్బాయ్, పాము చావాలి, కర్ర విరక్కూడదు అంటారు లోకంలో. మన దగ్గర పామూ చావకూడదు, కర్రా విరక్కూడదు. ఆ గడిలో ఒక్క పేరు రాశావనుకో, మర్నాడే ఆక్రమణ ఫైలు తెరుస్తారు. నోటీసు, ఆ తర్వాత బుల్డోజరు. ఖాళీ అని రాశావనుకో, ఎవడి బతుకు వాడు బతుకుతాడు. నీదేం పోయింది?”

నాదేం పోయిందో అప్పుడు నాకూ తెలియలేదు.

నలభై ఏడో నంబరు ఒకప్పుడు ప్రభుత్వ ఇటుకల బట్టీ. ఊరికి ఎగువన, నది కరకట్టకి ఆనుకుని ఉంటుంది. ఏళ్ళ తరబడి మట్టి తవ్వి తీయడంతో నేలంతా పల్లమైపోయింది. రోడ్డుమీద నిలబడి చూస్తే పైకప్పులే కనిపిస్తాయి, గోడలు కనిపించవు. బట్టీ మూతపడ్డాక పనివాళ్ళ గదులు మూడు వరుసలు అలాగే మిగిలాయి. పనివాళ్ళలో కొందరు వెళ్ళిపోయారు, కొందరు వెళ్ళలేదు. వెళ్ళినవాళ్ళ గదుల్లోకి ఇంకొకళ్ళు వచ్చారు. రిజిస్టరులో మాత్రం ‘పాడుబడ్డ గదులు, ఖాళీ’.

అలా వచ్చినవాళ్ళలో మా అక్క కూడా ఉంది. బావ పని చేసేచోట పైనుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఉద్యోగం పోయింది, అద్దె ఇల్లూ పోయింది. మా ఇంట్లో ఉండమంటే అక్క ఒప్పుకోలేదు. “తమ్ముడింట్లో తిని పడుకుంటే నా మొహం నేనే చూసుకోలేను” అంది. అప్పుడు నేనే రెండో వరుసలో ఒక గది చూపించాను. “నువ్వు నిశ్చింతగా ఉండక్కా, రాసేది నేనే కదా” అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తల్చుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఏటా తనిఖీరోజు నేను అక్క గడపలో కూర్చుని టీ తాగేవాణ్ణి. మేనకోడలు నా రిజిస్టరు లాక్కుని చదివి, “మావయ్యా, మేం లేమట కదా, మరి నీకు టీ ఎవరిచ్చారు?” అని ఆటపట్టించేది. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి పలకరించేవాళ్ళు. ఎవరికి ఏ భయం వేసినా “తనిఖీ సారున్నాడులే, రాస్తాడులే” అనుకునేవాళ్ళట. ఆ మాట నాకు బాగుండేది. ఆఫీసులో నన్ను ఖాతరు చేసేవాళ్ళు ఎటూ లేరు, అక్కడైనా నేనొక మనిషినని గర్వపడేవాణ్ణి. అన్నేళ్ళలో నేను రెండో వరుస దాటి వెళ్ళింది లేదు. చెప్పులాయన జీపులో కూర్చుంటే నేను అక్క గడపలో కూర్చున్నాను, అంతే తేడా.

పోయిన ఏడాది కొత్త అధికారి వచ్చారు. ఆవిడమీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కాయితం మీద ఉన్నది నేలమీద ఉండాలని నమ్మే మనిషి. మా శాఖలో అలాంటివాళ్ళు అరుదు, మాలాంటివాళ్ళకి ప్రమాదం కూడా. చలికాలం చివర్లో ఒకరోజు నన్ను పిలిచారు. బల్లమీద నలభై ఏడో నంబరు రిజిస్టరు, పక్కన ఆకాశంలోంచి తీసిన పెద్ద ఫోటో ఉన్నాయి.

“నీటి శాఖవాళ్ళు ఈ స్థలం అడుగుతున్నారు. నది పొంగినప్పుడు కరకట్ట ఊరివైపు తెగకుండా నీళ్ళు ఇందులోకి మళ్ళిస్తారట. గేటు ఎలాగూ ఉంది, పాతదే బాగుచేసుకుంటారు” అని, వేలు ఫోటోమీద పెట్టారు. “ఈ పైకప్పులేమిటి?”

“పాత బట్టీ గదులండి. పాడుబడ్డాయి.”

“మనుషులున్నారా?”

నేను నోరు తెరిచాను. పదకొండేళ్ళ అలవాటు నాకంటే ముందు మాట్లాడింది. “లేరండి.”

ఆవిడ తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. “బతికాం. పదేళ్ళు పైబడి ఎవరైనా ఉన్నట్టు మన రిజిస్టరులో ఉంటే, వాళ్ళందరికీ వేరేచోట ఇళ్ళు కట్టించాకే స్థలం ఇవ్వాలి. రూలు మీకు తెలుసుగా? రెండేళ్ళు పట్టేది.”

రూలు నాకు తెలుసు. శాఖాపరమైన పరీక్షకి ఎప్పుడో బట్టీపట్టాను, మార్కులు కూడా వచ్చాయి. కానీ అది నలభై ఏడో నంబరుకి సంబంధించిన రూలని ఏనాడూ అనుకోలేదు. మొదటి ఏడాదే పేర్లు రాసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. బుల్డోజరు వచ్చేదేమో, రాకపోయేదేమో. కానీ రాకపోయి ఉంటే ఇవాళ వాళ్ళకి తలా ఒక ఇల్లు వచ్చేది. నా దయవల్ల, మూడు వరుసల్లో ఒక్కరు కూడా ఒక్కరోజు కూడా అక్కడ బతికినట్టు రిజిస్టరులో లేదు.

ఆ క్షణంలో నిజం చెప్పొచ్చు. ఉద్యోగం పోయేది, పెన్షను పోయేది, కేసు కూడా పెట్టేవాళ్ళేమో. నేను ఆవిడ బల్లకున్న చెక్కు లేచిన అంచు చూస్తూ నిలబడ్డాను. “ఇంకో పదిరోజుల్లో నేనూ, నీటి శాఖ ఇంజనీరూ, మీరూ కలిసి తనిఖీకి వెళ్దాం” అన్నారు. సరేనండి అని బయటికొచ్చాను.

ఆ ఆదివారం బట్టీ పొగగొట్టం కింద అందర్నీ పోగేశాను. నీళ్ళు మళ్ళించే సంగతి చెప్పి, రెండు దారులున్నాయన్నాను. మీరున్నారని రాస్తే ఈ వారమే గెంటేస్తారు, ఖాళీ అని రాస్తే వానాకాలం దాకా టైముంటుంది, ఈలోగా ఎవరి దారి వాళ్ళు చూసుకోవచ్చు. ఇళ్ళ రూలు సంగతి చెప్పలేదు. చెప్తే, “మరి మా పేర్లు ఎందుకు రాయలేదు?” అని అడిగేవాళ్ళు. ఆ ప్రశ్న వినడం ఇష్టంలేక ఊరుకున్నాను.

అందరూ మా అక్కవైపు చూశారు.

“పిల్ల పరీక్షలు ఎండాకాలంలో అయిపోతాయి. ఈలోగా ఏదో ఒక గది చూసుకుంటాం. ఖాళీ అనే రాయరా” అంది.

“అంతే, అంతే. రాసెయ్యండి సార్” అన్నారు మిగతావాళ్ళు. అందరూ నన్ను బతిమాలారు. తప్పు చెయ్యమని ఒక వాడంతా కలిసి బతిమాలుతుంటే చెయ్యనివాడు మహానుభావుడు. నేను కాను.

తనిఖీకి ఏర్పాట్లన్నీ నేనే చేశాను. పనులకి పోగలిగినవాళ్ళు తెల్లవారగానే పోవాలి. ఆరేసిన బట్టలు, నీళ్ళ బిందెలు లోపల పెట్టాలి. పొయ్యి వెలిగించకూడదు. ముసలివాళ్ళు, జబ్బు మనుషులు, పిల్లలు లోపలే ఉండాలి, బయటనుంచి తాళం వెయ్యాలి. గదిగదికీ తిరగలేక మొదటి రెండు వరుసలకీ నేను చెప్పి, మూడో వరుసకి చెప్పమని వాళ్ళకి ఒప్పజెప్పాను.

“తలుపు తట్టినా సరే, పిలిచినా సరే, పలకొద్దు. నేను పిలిచినా పలకొద్దు. పక్కన వాళ్ళుంటారు కదా, నేను కూడా పిలిచినట్టు నటించాలి” అన్నాను. దానికి పిల్లలంతా నవ్వారు, వాళ్ళకది ఆటలా తోచింది.

తనిఖీరోజు మేం ముగ్గురం వరుసల మధ్య నడిచాం. ఇంజనీరు తన పెన్నుతో ఒక తాళాన్ని తట్టాడు. “కొత్త తాళాల్లా ఉన్నాయే?”

“తలుపులు ఊడదీసుకుపోతున్నారని మేమే వేయించామండి” అన్నాను. అబద్ధానికి ఆకలెక్కువ, ఒకటి పెడితే ఊరుకోదు.

అక్క గది దగ్గరికొచ్చాం. లోపల బావ ఉన్నాడు. ఆయనకి దగ్గు. ఆ తలుపు దగ్గరే ఇంజనీరు బూటులో ఏదో గుచ్చుకుందని ఆగాడు. బూటు విప్పాడు, దులిపాడు, మళ్ళీ తీరిగ్గా లేసు కట్టుకున్నాడు. లోపలినుంచి చడీచప్పుడూ లేదు. తర్వాత తెలిసింది, బావ దిండు నోట్లో కుక్కుకున్నాడట.

రెండో వరుస చివర ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడుపు మొదలై, సగంలో ఆగిపోయింది. ఎవరో నోరు మూసినట్టు ఆగిపోయింది.

“ఏమిటది?” అన్నారు అధికారి.

“పిల్లి అయ్యుంటుందండి.”

ఆవిడ ఆ తలుపు దగ్గరికి వెళ్ళారు. “లోపల ఎవరైనా ఉన్నారా?” అని గట్టిగా అడిగారు. నావైపు తిరిగి, “మీరూ పిలవండి” అన్నారు. నేను పిలిచాను. ఎవరూ పలకలేదు. నాకు తెలుసు, ఆ గోడల వెనక తక్కువలో తక్కువ పాతికమంది ఊపిరి బిగబట్టి ఉన్నారు. అయినా ఒక్క క్షణం నిజంగానే అక్కడ ఎవరూ లేరనిపించింది. అధికారి కాగితంమీద ఖాళీ అని రాసి, సంతకానికి నాకిచ్చారు.

ఆ తర్వాత సగంమంది వెళ్ళిపోయారు. అయితే ఇల్లన్నది ఖాళీగా ఉండనిస్తారా? వెళ్ళినవాళ్ళ గదుల్లోకి కొత్తవాళ్ళు దిగారు. దిగినవాళ్ళకి నీళ్ళెక్కడో, దారెక్కడో చెప్పేకంటే ముందు ‘ఎవరు పిలిచినా పలకొద్దు’ అన్న సంగతే చెప్పేవాళ్ళట. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ, వానలకి ఇంకా టైముందిలే అనుకున్నాను. మేనకోడలి పరీక్షలు అయ్యాయి. అక్క గది వెతుకుతూనే ఉంది. నడుం లేవని మనిషిని చూసి ఎవరూ అద్దెకివ్వడం లేదు.

వానలు నెల ముందొచ్చాయి.

నాలుగురోజులు వదలకుండా కురిశాక, ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఫోను మోగింది. మా రికార్డుల గుమాస్తా ఎత్తి, విని, తాపీగా నావైపు తిరిగాడు. మంచివాడే పాపం, ఇల్లు తగలబడుతోందని చెప్పాల్సివచ్చినా టీ చల్లారిపోతోందన్నట్టు చెప్తాడు.

“నీటి శాఖవాళ్ళు. నలభై ఏడులోకి నీళ్ళు వదులుతున్నారట. స్థలం మనది కాబట్టి మనవాళ్ళొకరు వచ్చి ఖాళీ అని సంతకం పెట్టాలట. అది నీదే కదా?”

నేను అధికారి గదిలోకి పరిగెత్తాను. తలుపు తట్టలేదు. ఉన్నదంతా చెప్పాను. ఆవిడ చేతిలో పెన్ను కింద పెట్టేశారు.

“ఆరోజు ఆ తాళాల వెనక?”

“ఉన్నారండి.”

“ఆ పిల్లి?”

ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఫోను తీసి ఎవరెవరితోనో మాట్లాడి, పెట్టేశారు. “గంటన్నర ఇచ్చారు. అంతకు మించి ఆగితే కట్ట ఊరివైపు తెగుతుందట. వెళ్ళండి. మీ సంగతి తర్వాత.”

కరకట్ట ఎక్కి చూస్తే ఒకవైపు నది నా పాదాలకి ఒక మూర కిందుంది. ఇంకోవైపు పల్లంలో మూడు వరుసల పైకప్పులు వానలో తడుస్తున్నాయి. నేను కిందికి దిగుతూ అరిచాను. “బయటికి రండి, నీళ్ళు వదులుతున్నారు, అందరూ బయటికి రండి!”

నా అరుపుకి తలుపులు ధడాధడా మూసుకున్నాయి.

బయట నిలబడ్డవాళ్ళు కూడా లోపలికి పోయి గడియ పెట్టుకున్నారు. నేను తలుపులు బాదాను, పేర్లు తెలిసినవాళ్ళని పేర్లు పెట్టి పిలిచాను. ఒక్కరూ పలకలేదు. నేను నేర్పిన పాఠం ఇంత బాగా నేర్చుకుంటారని అనుకోలేదు. చివరికి అక్క బయటికొచ్చి నా మొహం చూసింది. చూడగానే ఆవిడకి అర్థమైంది.

“నిజంగానే! రండి! తనిఖీ కాదు, నిజంగానే!” అని అక్క వరుసల వెంట అరుస్తూ పరిగెత్తింది. ఆవిడ గొంతు వినబడ్డాక తలుపులు తెరుచుకున్నాయి. ఒక ముసలాయన తల బయటపెట్టి, “ఈసారి ఎంతసేపు లోపలుండాలి సార్?” అని నన్నడిగాడు. ఆయన్ని భుజం పట్టుకుని లాక్కొచ్చాను.

బావని తోపుడుబండిమీద పడుకోబెట్టి, అక్కా మేనకోడలూ తోసుకుంటూ కట్టెక్కించారు. మంచాలు, పెట్టెలు వదిలెయ్యమంటే కొందరు తిట్టుకుంటూ వదిలారు. గంటకి పైగా పట్టింది. అందరూ కట్టమీద వానలో నిలబడ్డారు. గేటు ఆపరేటరు తన చిన్నగదిలోంచి ఒక కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

“అందరూ వచ్చేశారా?”

నేను లెక్కపెట్టాను. నూట ఎనభై ఆరుగురు.

“మొత్తం ఎంతమంది ఉండాలి?”

రిజిస్టరు ప్రకారం సున్నా. పదకొండేళ్ళుగా ప్రతి ఏడూ వాళ్ళని లెక్కపెట్టడానికే నాకు జీతమిచ్చారు. ఆ పని నేను మొదటిసారి చేసింది ఆరోజే. ఎంతమంది రావాలో తెలియనివాడు, అందరూ వచ్చారని ఎలా చెప్తాడు?

“ఎవరైనా తగ్గారా? మీ పక్కవాళ్ళని చూసుకోండి!” అని అరిచాను. అందరూ అటూ ఇటూ చూసుకున్నారు. ఎవరింటివాళ్ళు వాళ్ళకున్నారు. అక్క మాత్రం, “మూడో వరుస చివరి గదిలో మొన్న ఎవరో దిగారురా. మొగుడూ పెళ్ళాం అనుకుంటా. నేను సరిగ్గా చూడలేదు. పొద్దున్నే ఎక్కడికో పనికి పోతారు” అంది.

“పది నిమిషాలు. ఆపైన నా చేతుల్లో ఉండదు. కట్ట ఊరివైపు ఊట కారుతోంది” అన్నాడు ఆపరేటరు.

నేను మళ్ళీ దిగి పరిగెత్తాను. మూడో వరుసలోకి నేను వెళ్ళడం అదే రెండోసారి. చివరి గదికి బయట తాళం వేసి ఉంది. తలుపు బాదాను. “ఎవరైనా ఉన్నారా? తనిఖీ కాదు, నీళ్ళొస్తున్నాయి, పలకండి!” అని గొంతు చించుకున్నాను. చెవి తలుపుకి ఆనించాను. రేకులమీద వాన హోరు తప్ప ఏమీ వినబడలేదు. ఇటుక తీసి తాళంమీద మూడునాలుగు దెబ్బలు కొట్టాను. ఇటుక ముక్కలైంది. ఇంకో ఇటుక కోసం వంగేసరికి కట్టమీద ఈల వేశారు. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

పనికి పోతారని అక్కే చెప్పింది కదా, తాళం కూడా వేసుంది కదా, అనుకున్నాను. తాళమంటే ఏమిటో ఈ లోకంలో అందరికంటే నాకే బాగా తెలుసు. అయినా అలాగే అనుకున్నాను. పైకొచ్చి, ఆపరేటరు పట్టుకున్న కాగితంమీద ఖాళీ అని రాసి సంతకం పెట్టాను. చెయ్యి తడిసిందని తుడుచుకుని మరీ పెట్టాను.

గేటు లేచింది. ఎర్రటి నీళ్ళు మొదట వరుసల మధ్య దారిలో పాకాయి, తర్వాత గడపలెక్కాయి. జనంలో కొందరు ఏడ్చారు. అక్క నా పక్కకొచ్చి నిలబడింది.

“చివరి గది చూశావా?”

“తాళం వేసుంది.”

అక్క నా మొహంవైపు చూడలేదు. అరగంటలో మూడో వరుస పైకప్పు నీళ్ళలో మునిగింది.

ఊరు బతికింది. ఊళ్ళోవాళ్ళకి గుమ్మాలు కూడా తడవలేదు. మా ఆఫీసునుంచి పైకి వెళ్ళిన నివేదికలో ప్రాణనష్టం దగ్గర ‘లేదు’ అని ఉంది. అది నేను రాయలేదు, గుమాస్తా రిజిస్టరు చూసి రాశాడు. బట్టీవాళ్ళని నాలుగు బడుల్లో సర్దారు. అక్కావాళ్ళు మా ఇంటికొచ్చారు. నామీద విచారణకి కాయితాలు తయారవుతున్నాయి, అప్పటిదాకా సీట్లో కూర్చోమన్నారు.

నాలుగోరోజు పొద్దున కౌంటరు దగ్గరికి ఒక మొగుడూ పెళ్ళాం వచ్చారు. ఇద్దరి బట్టలూ బురద కొట్టుకుపోయి ఉన్నాయి. నీటి శాఖకి వెళ్తే, స్థలం మీది కాబట్టి ఇక్కడ అడగమన్నారట.

“ఏం కావాలి?” అన్నాడు గుమాస్తా.

“బట్టీ దగ్గర మూడో వరుస, చివరి గది అండీ మాది” అందావిడ. “ఆరోజు మేం పన్లో ఉండగా అందర్నీ బయటికి తీశారటగా. నాలుగు బడులూ తిరిగాం, మా పిల్లలు లేరండీ. ఎవరు తీసుకెళ్ళారో మీ దగ్గర రాసుంటుందని చెప్పారు. ఇద్దరు. పెద్దదానికి ఏడేళ్ళు.”

గుమాస్తా రిజిస్టరు తీశాడు. పేజీలు తిప్పాడు. వేలుపెట్టి చూశాడు. “ఆ నంబరులో ఎవరూ లేరమ్మా. ఖాళీ అని ఉంది.”

“లేదండీ, ఉన్నారు. మేమే లోపల పెట్టి తాళం వేసి వెళ్ళాం. ఎవరొచ్చి పిలిచినా పలకొద్దని అక్కడివాళ్ళు చెప్తే, పిల్లలకి అదే చెప్పాం. మా పిల్లలు చెప్పిన మాట వింటారండీ. పలికి ఉండరు. అందుకని మీవాళ్ళు తాళం పగలగొట్టి తీసుంటారు కదా అని…”

మొగుడు కౌంటరు చెక్కని రెండు చేతులతో పట్టుకున్నాడు.

“అక్కడికి ఎవరెళ్ళారండీ ఆరోజు?” అని అడిగాడు.

గుమాస్తా తలెత్తకుండానే పెన్నుతో నన్ను చూపించాడు. ఆ ఇద్దరూ నావైపు తిరిగారు. వాళ్ళ మొహాల్లో కోపం లేదు, ఇంకా ఆశే ఉంది. నేను లేచి నిలబడ్డాను.